ఆసుపత్రి నుంచి ఊళ్ళోకి: కరుణ ఒక్కటే చాలదు



మన వాడల్లో తరచుగా జరుగుతున్నా మనం పెద్దగా మాట్లాడుకోని ఒక సంగతి గురించి ఈసారి ఆలోచిద్దాం. సెంట్రింగ్ పనికి పోయి మూడో అంతస్తు నుంచి పడినవాళ్ళు ఉన్నారు. తాటిచెట్టు మీద నుంచి జారినవాళ్ళు, ట్రాక్టరు తిరగబడి కింద చిక్కినవాళ్ళు, రాత్రిపూట బండి మీద వస్తూ లారీ గుద్దితే ప్రాణాలతో బయటపడ్డవాళ్ళు ఉన్నారు. వెన్నెముక విరుగుతుంది, దాని లోపలి వెన్నుపాము నలుగుతుంది. డాక్టర్లు ఆపరేషన్ చేసి రాడ్లు, స్క్రూలు వేస్తారు. ఎముక అతుక్కుంటుంది. కానీ బాగా నలిగిన వెన్నుపాము చాలామందిలో మునుపటిలా అవ్వదు. నడుము కింద కదలిక ఉండదు, స్పర్శ ఉండదు, మూత్రం మీదా విరేచనం మీదా అదుపు ఉండదు. మనిషి మాత్రం ఉంటాడు. అదే బుద్ధి, అదే నవ్వు, అదే కోపం.

ఇలాంటి మనిషి పునరావాస ఆసుపత్రిలో కొన్ని నెలలు ఉండి ఇంటికి వస్తాడు. అప్పుడు మనం అతనికి చేసేది దానమా, బాకీ తీర్చడమా? నేను మీ ముందు పెడుతున్న ప్రశ్న ఇదే. చూడ్డానికి చిన్నదే. దీనికి మనం ఏం జవాబు చెప్తామో దాన్నిబట్టి మనం తీసుకున్న దీక్ష ఎంత లోతుకి దిగిందో తెలుస్తుంది.

ముందు ఆసుపత్రి ఎలా ఉంటుందో చూడండి. రాయలసీమ నుంచి, ముఖ్యంగా చిత్తూరు వైపు నుంచి, మనవాళ్ళు వేలూరు పోతుంటారు. అక్కడి సీఎంసీ పునరావాస కేంద్రం 1966లో మొదలైంది. దాని వెనక ఉన్న డాక్టర్ మేరీ వర్గీస్ 1954లో రోడ్డు ప్రమాదంలో వెన్ను దెబ్బతిని నడక పోగొట్టుకున్నావిడ. చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠురోగుల చేతులకు ఆపరేషన్లు చేసింది. అలాంటి వార్డుల్లో నేల అంతా ఒకే మట్టం, తలుపులు వెడల్పు, మరుగుదొడ్లో పట్టుకోవడానికి కమ్ములు. పక్క మంచం మీదా అలాంటి మనిషే, ఎదురు మంచం మీదా అలాంటి మనిషే. అక్కడ ఎవరూ వింత కాదు.

అక్కడ నేర్పే చదువు చిన్నదేం కాదు. పడుకున్నప్పుడు రెండు గంటలకోసారి పక్క మార్చాలి. కుర్చీలో ఉన్నప్పుడు పావుగంటకో ఇరవై నిమిషాలకో చేతుల మీద బరువు వేసి పిరుదులు పైకెత్తాలి. లేకపోతే రక్తం ఆడక చర్మం చచ్చి పుండు పడుతుంది, స్పర్శ లేదు కాబట్టి పుండు పడిన సంగతి కూడా తెలియదు. నాలుగు నుంచి ఆరు గంటలకోసారి శుభ్రమైన చేతులతో పైపు వేసి మూత్రం తీసుకోవాలి. మంచం మీద నుంచి కుర్చీలోకి, కుర్చీ నుంచి మరుగుదొడ్డి మీదకి తనంతట తాను జరగాలి. ఇవన్నీ నేర్చుకున్న మనిషిని డాక్టర్లు డిశ్చార్జ్ చేస్తారు. వేడి గిన్నె ఒళ్ళో పెట్టుకోవద్దు, ఎండకి కాగిన బండ మీద కాళ్ళు ఆనించొద్దు, మెడ దగ్గర దెబ్బతిన్నవాళ్ళకి దెబ్బ కింది భాగంలో చెమట సరిగా పట్టదు కాబట్టి మన ఎండాకాలంలో ఒళ్ళు తడుపుతూ ఉండండి అని చెప్పి పంపుతారు.

ఆటో ఇంటి ముందు ఆగుతుంది. కథ అక్కడ మారుతుంది.

ఇంటి అరుగు అడుగున్నర ఎత్తు. చక్రాల కుర్చీ సొంతంగా ఎక్కాలంటే అడుగు ఎత్తుకి పన్నెండు అడుగుల పొడవున ఏటవాలు కట్టాలి. అంటే పద్దెనిమిది అడుగులు. మన వాడలో సందే ఎనిమిది అడుగులు ఉంటే గొప్ప. కుర్చీ వెడల్పు సుమారు 25, 26 అంగుళాలు. వీధి తలుపు రెండున్నర అడుగులుంటే ఎలాగో దూరుతుంది. మరుగుదొడ్డి తలుపు రెండు అడుగులే, అంటే 24 అంగుళాలు. ఒకటి రెండు అంగుళాల తేడాతో ఒక మనిషి తన విసర్జన తాను చేసుకునే స్వతంత్రం పోగొట్టుకుంటాడు. ఆసుపత్రిలో నెలల తరబడి నేర్చుకున్న చదువు ఆ రెండు అంగుళాల దగ్గర ఆగిపోతుంది. అతన్ని మంచం మీద పడుకోబెడతారు. చుట్టాలు వస్తారు, పళ్ళు తెస్తారు, కన్నీళ్ళు పెట్టుకుంటారు, వెళ్ళిపోతారు. మూడో నెలకి ఎవరూ రారు.

ఆ వచ్చినవాళ్ళు ఒక మాట అనిపోతారు. పోయిన జన్మలో ఏం పాపం చేశాడో. నుదుటి రాత. గ్రహం బాలేదు. దీక్ష తీసుకున్న ఇళ్ళల్లో కూడా ఈ మాట వినిపిస్తుంది, గోడ మీద బుద్ధుడి పటం వేలాడుతుండగానే. ఇరవై రెండు ప్రతిజ్ఞలు నోటికి వచ్చినవాళ్ళే అంటారు. అలవాటుగా వచ్చిన మాట, పోనీలే అనుకోవచ్చు. కానీ ఇది వదిలేయదగ్గ మాట కాదు.

బాబాసాహెబ్ తన చివరి గ్రంథం 'బుద్ధుడు - ఆయన ధమ్మం'లో ఈ పూర్వజన్మ కర్మ సంగతి తీసుకుని గట్టిగా నిలదీశారు. బుద్ధుడు చెప్పిన కమ్మం అంటే చేసిన పనికి ఫలితం ఉంటుందనే నియమమే తప్ప, ఇప్పుడు పడే కష్టానికి కిందటి జన్మలో ఖాతా వెతకడం కాదని వివరించారు. అలాంటి సిద్ధాంతం ఎవరికి పనికొస్తుందని కూడా అడిగారు. పేదవాళ్ళ, అణగారినవాళ్ళ స్థితికి సంఘమూ ప్రభుత్వమూ బాధ్యత తప్పించుకోవడానికే పనికొస్తుందన్నది ఆయన తేల్చిన మాట. ఆ మాటని ఇప్పుడు ఈ మంచం పక్కన పెట్టి చూడండి. పడినవాడు పాపం చేశాడు కాబట్టి పడ్డాడంటే, మూడో అంతస్తులో తాడు, బెల్టు ఇవ్వని కాంట్రాక్టరు తప్పించుకున్నాడు. ఏటవాలు కట్టని పంచాయతీ తప్పించుకుంది. మూడో నెల నుంచి రావడం మానేసిన మనం కూడా తప్పించుకున్నాం. ఒక్క మాటతో ఇంతమందికి విడుదల. మనల్ని వేల ఏళ్ళు ఊరి బయట ఉంచింది కూడా ఈ మాటే కదా.

కారణం ఉంటే ఫలితం ఉంటుంది, ఆ కారణం పోతే ఈ ఫలితమూ పోతుంది. ధమ్మంలో ఇది పునాది. వెన్ను విరిగినవాళ్ళ చరిత్రే దీనికి మంచి సాక్ష్యం. రెండో ప్రపంచ యుద్ధం ముందు దాకా నడుము కింద చచ్చుబడిన మనిషి ఎక్కువ కాలం బతకడని డాక్టర్లే అనుకునేవారు. చాలామంది అలాగే చనిపోయేవారు కూడా. 1944లో ఇంగ్లండులోని స్టోక్ మాండెవిల్‌లో లుడ్విగ్ గుట్‌మన్ అనే డాక్టరు, నాజీల నుంచి తప్పించుకుని వచ్చిన యూదుడు, ఈ రోగుల కోసం ఒక కేంద్రం నడపడం మొదలుపెట్టాడు. వాళ్ళని చంపుతున్నది విరిగిన వెన్ను కాదు, పడక పుండ్లూ మూత్రంలో చేరిన చీమూ అని ఆయన పట్టుకున్నాడు. రాత్రీ పగలూ రెండు గంటలకోసారి పక్క మార్పించాడు. మంచాల మీద నుంచి లేపి పని చేయించాడు, ఆటలు ఆడించాడు. 1948లో పదహారు మందితో అక్కడ జరిగిన విలువిద్య పోటీయే పెరిగి పెరిగి ఈనాటి పారాలింపిక్స్ అయింది. విధి అనుకున్నది పక్క మార్చకపోవడం అని తేలింది. ఇంతకంటే తేటగా ప్రతీత్య సముత్పాదం చెప్పడం నాకు రాదు.

ఇప్పుడు వినయ పిటకంలో ఒక సంఘటన గుర్తు చేస్తాను. మీలో చాలామంది విన్నదే, కానీ మధ్యలో ఒక మాట జారిపోతుంటుంది. ఒక భిక్షువుకి విరేచనాల జబ్బు చేసింది. తన మలమూత్రాల్లోనే పడి ఉన్నాడు. బుద్ధుడు ఆనందుడితో కలిసి విహారంలో తిరుగుతూ చూశాడు. నిన్ను చూసుకునేవాళ్ళు లేరా అని అడిగాడు. లేరు భంతే అన్నాడు. ఎందుకు లేరు అంటే, నేను తోటి భిక్షువులకు ఏ పనికీ ఉపయోగపడను, అందుకే వాళ్ళు నన్ను పట్టించుకోరు అన్నాడు. ఆ జవాబు దగ్గర ఒక్క నిమిషం ఆగండి. ఉపయోగపడని మనిషికి చోటు లేదన్న లెక్కని ఆ రోగి కూడా ఒప్పేసుకున్నాడు. ఇంటికి తిరిగొచ్చిన మన తమ్ముడు గోడ వైపు తిరిగి పడుకుని అనుకునేది కూడా సరిగ్గా ఇదే.

బుద్ధుడు అక్కడ ప్రవచనం చెప్పలేదు. ఆనందుడి చేత నీళ్ళు తెప్పించాడు. తాను పోస్తుంటే ఆనందుడు కడిగాడు. తల వైపు తాను, కాళ్ళ వైపు ఆనందుడు పట్టుకుని మంచం మీద పడుకోబెట్టారు. ప్రవచనం తర్వాత వచ్చింది, అది కూడా రోగికి కాదు, సంఘానికి. ఇక్కడ మీకు తల్లీ లేదు, తండ్రీ లేడు, మీరు ఒకరినొకరు చూసుకోకపోతే ఎవరు చూస్తారు, నాకు సేవ చేయాలనుకునేవాడు రోగికి సేవ చేయాలి అన్న అర్థంలో చెప్పాడు. ఆపైన రోగిని చూసుకునేవాడికి ఉండాల్సిన గుణాలు చెప్తూ, మలమూత్రాలు ఎత్తడానికి అసహ్యపడకూడదన్నాడు.

ఆ అసహ్యం గురించి మనకి తెలిసినంతగా ఈ దేశంలో ఇంకెవరికి తెలుసు? ఊరి మలం మనచేత ఎత్తించి, ఎత్తినందుకు మనల్నే అంటరానివాళ్ళని చేశారు. అలాంటిది, మూత్రం పైపు ఉందని సొంత తమ్ముడి మంచాన్ని వెనక పంచలోకి జరిపితే, అతని కంచం, గ్లాసు వేరే పెడితే, ఇంటికి ఎవరైనా వస్తే అతని గది తలుపు దగ్గరకి వేస్తే, మనం ఇంట్లోనే ఒక వెలివాడ కట్టినట్టు. మాట కటువుగా ఉందని నాకు తెలుసు. మెత్తగా చెప్తే వినబడదు.

ఒక చిన్న విషయం చెప్తాను, ఇది చాలా ఇళ్ళల్లో జరుగుతుంది. మంచం మీదున్నవాడు నీళ్ళు తాగడం తగ్గిస్తాడు. తాగితే మూత్రం ఎక్కువ వస్తుంది, వస్తే భార్య లేవాలి, రాత్రి రెండింటికి లేపడం ఇష్టం లేక దాహం ఓర్చుకుంటాడు. పైకి చూస్తే ఇది ప్రేమే. దాని ఫలితం రాళ్ళు, చీము, చలిజ్వరం, మళ్ళీ ఆసుపత్రి. మందులు వేసుకోవడంతో పాటు తన బాధని ఉన్నదున్నట్టు చూసుకునేవాళ్ళకి చెప్పడం రోగి చేయాల్సిన పని అని బుద్ధుడు అదే సందర్భంలో చెప్పాడు. చెప్పగలిగే వాతావరణం ఉంచడం మన పని. నీకు దాహంగా ఉందా అని కాదు, నా నిద్ర చెడకూడదని నువ్వు నీళ్ళు మానేస్తున్నావా అని అడగాలి.

ఇంకో జాగ్రత్త. శరీరానికి రోగం వచ్చినా మనసుకి రాకుండా సాధన చేయమని బుద్ధుడు నకులపిత అనే ముసలి గృహస్థుడికి చెప్పాడు. గొప్ప బోధ. ఈ శరీరమే నేను, ఇదే నాది అని పట్టుకున్నవాడికి అది మారినప్పుడు దుఃఖం వస్తుందని సారిపుత్తుడు దాన్ని విడమరిచి చెప్పాడు కూడా. కానీ నకులపిత తానే నడిచి వచ్చి, ముసలివాణ్ణయ్యాను, రోగిష్టినయ్యాను, నాకు మేలయ్యే మాట చెప్పండని అడిగాడు. మనం మాత్రం అడగని మనిషి దగ్గరకి వెళ్ళి, మనసు గట్టి చేసుకో తమ్ముడూ, అంతా అనిత్యం అని చెప్పి టీ తాగి వస్తాం. తలుపు రెండు అంగుళాలు తక్కువైన సంగతి అలాగే ఉంటుంది. అనిత్యం అనే మాట తలుపుకి కూడా వర్తిస్తుంది. గడప ఊడదీయొచ్చు. మరుగుదొడ్డి తలుపు తీసేసి పరదా కట్టొచ్చు. ఏటవాలుకి ముందు జాగా లేకపోతే గోడ వెంబడి తిప్పి కట్టొచ్చు. కుర్చీకి మధ్యలో రంధ్రం కోయించి కింద బకెట్ పెట్టొచ్చు, మెత్త వేయడం మర్చిపోకూడదు. మన కులాల్లో మేస్త్రీలకి, వడ్రంగం తెలిసినవాళ్ళకి కొదవ లేదు. ఒక ఆదివారం పని.

బాబాసాహెబ్ ధమ్మం సద్ధమ్మం ఎప్పుడవుతుందో చెప్తూ ఒక వరుస పెట్టారు. ప్రజ్ఞ ఉంటే సరిపోదు, శీలం కావాలి. శీలం తోపాటు కరుణ కావాలి. కరుణ కూడా చాలదు, మైత్రి కావాలి. ఆయన మైత్రిని సకల జీవుల పట్ల ప్రేమగా వివరించారు. దాన్ని ఈ సందర్భానికి అన్వయిస్తే నాకు అర్థమైంది ఇది. కరుణ ఒక్కటే ఉన్నచోట పైనున్నవాడు కిందున్నవాణ్ణి చూస్తాడు, ఒకడు ఇస్తాడు, ఒకడు పుచ్చుకుంటాడు. మైత్రిలో ఇద్దరూ ఒకే మట్టం మీద కూర్చోవాలి. కుర్చీలో ఉన్న మనిషితో మాట్లాడేటప్పుడు నిలబడి తల వంచి చూడకుండా ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుంటే చాలు, తేడా ఇద్దరికీ తెలుస్తుంది.

జయంతి సభల్లో జరిగేది చూస్తుంటాం కదా. స్టేజీ మీదకి నలుగురు మోసుకొస్తారు. ఎమ్మెల్యే చేత చక్రాల కుర్చీ ఇప్పిస్తారు, శాలువా, ఫోటో. ఆ కుర్చీ ఆ మనిషి కొలతకి ఉందో లేదో ఎవరూ చూడరు. వెడల్పు ఎక్కువైతే ఒక పక్కకి ఒరిగి వెన్ను వంగుతుంది, మంచి మెత్త లేకపోతే నెల తిరగకుండా పుండు పడుతుంది. కొలిచి ఇచ్చిన పాత కుర్చీ కొలవని కొత్త కుర్చీ కంటే మేలు. మరుసటి ఏడాది సభకి అతన్ని పిలవరు, ఎందుకంటే ఇచ్చేశారు కదా. ఇది మైత్రి కాదు. కరుణ అనడానికి కూడా నాకు మనసొప్పడం లేదు.

మైత్రి అంటే అతనికి పని చెప్పడం కూడా. విహారం లెక్కలు రాయడం, పిల్లలకి సాయంత్రం చదువు చెప్పడం, పెన్షన్ దరఖాస్తులు నింపిపెట్టడం, వందనంలో త్రిశరణ పంచశీలాలు చెప్పించడం. పాపం అతన్నెందుకు కష్టపెట్టడం అంటారు కొందరు. ఏ బాధ్యతా లేకుండా చేయడం కూడా ఒక రకం బహిష్కారమే. పంచశీలాలు అతనికీ వర్తిస్తాయి. దిగులుతో తాగుడుకి అలవాటు పడితే, పడినవాడు కదా పోనీలే అని సీసా తెచ్చివ్వడం స్నేహం కాదు. భార్య మీద అరుస్తుంటే తప్పని చెప్పాలి. మందలించదగ్గ మనిషిగా చూడటం కూడా గౌరవమే.

సాయం తీసుకోవడం నామోషీ అనుకునేవాళ్ళకి బాబాసాహెబ్ చివరి రోజులు గుర్తు చేయండి. 1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో లక్షల మంది ముందుకి ఆయన చేతికర్ర పట్టుకుని, అనుచరుడి భుజం ఆసరాగా వచ్చారు. అదే ఏడాది తన గ్రంథానికి రాసిన ముందుమాటలో ఆరోగ్యం ఎంతగా క్షీణించిందో దాచుకోలేదు. ఆరిపోతున్న తనని నిలబెట్టింది భార్య, డాక్టర్ మాల్వంకర్‌ల వైద్య నైపుణ్యమని పేరు పెట్టి చెప్పారు. భుజం మీద చేయి వేసినందుకు ఆయన ఎత్తు తగ్గలేదు. సేవ చేసినవాళ్ళ పేరు పుస్తకంలో ఎక్కించారు. మన ఇళ్ళల్లో సేవ చేసే ఆడవాళ్ళ పేరు ఎక్కడ ఎక్కుతుంది?

ఆ సంగతి కూడా చెప్పుకోవాలి. దెబ్బ మగవాడికి తగిలితే భార్య సేవ చేయడం ఆమె ధర్మం అంటారు. దెబ్బ ఆడమనిషికి తగిలితే కొన్ని నెలల్లో ఆమెని పుట్టింట్లో దింపి వస్తారు, మగవాడు ఎలా నెట్టుకొస్తాడు పాపం అని పెద్దమనుషులే అంటారు. రెండు తక్కెళ్ళు పెట్టుకుని సమత గురించి మాట్లాడలేం. చూసుకునే మనిషికి ఎత్తి ఎత్తి నడుం పోతుంది, రాత్రుళ్ళు నిద్ర ఉండదు, కూలి పోతుంది, తన మనసు ఎవరికీ చెప్పుకోలేదు. చెప్తే మొగుణ్ణి చూసుకోవడానికి బాధా అంటారు. బుద్ధుడు ఒక్కడే ఎత్తలేదు, ఆనందుడు కాళ్ళ వైపు పట్టుకున్నాడు. మన విహారంలో ముప్పై కుటుంబాలుంటే, వారానికి ఒక పూట ఒక్కో ఇంటివాళ్ళు వెళ్ళి కూర్చుంటే, ఏడు నెలలకోసారి వంతు వస్తుంది. ఆ పూట ఆమె నిద్రపోనీ, సినిమాకి పోనీ, ఏం చేసిందని అడగొద్దు.

ఇక దానమా, బాకీనా అన్న ప్రశ్నకి వద్దాం. రాజ్యాంగం 41వ అధికరణం నిరుద్యోగం, ముసలితనం, జబ్బు, అంగవైకల్యం వచ్చినప్పుడు ప్రభుత్వ సాయం అందే ఏర్పాటు చేయాలని రాజ్యానికి చెప్తుంది. ఆదేశిక సూత్రమే, కోర్టుకెక్కి నేరుగా రాబట్టుకోలేం. కానీ అందులో ఉన్నది హక్కు అనే మాట, భిక్ష కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం ప్రభుత్వోద్యోగి ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే అతన్ని తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. 40 శాతం లేదా అంతకంటే ఎక్కువ వైకల్యం ఉంటే ఉద్యోగాల్లో రిజర్వేషన్ వర్తిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో దివ్యాంగుల పెన్షన్ నెలకు 6,000 చేశారు, పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనవారికి 15,000. తెలంగాణలో 2023లో 4,016 చేశారు. వీటన్నిటికీ ముందు వైకల్య సర్టిఫికెట్ కావాలి. ఆ సర్టిఫికెట్ ఇచ్చే చోటు దాకా తీసుకెళ్ళే ఆటో కిరాయి లేక ఆగిపోయినవాళ్ళు మన వాడల్లోనే ఉంటారు. విహారం హుండీ దీనికి పనికొస్తే మంచిదే.

పనిలో పడినవాళ్ళ సంగతి ప్రత్యేకం. కాంట్రాక్టరు ఆసుపత్రికి వచ్చి చేతిలో యాభై వేలు పెట్టి కాగితం మీద వేలిముద్ర తీసుకుపోతాడు. చాలామంది అక్కడితో వదిలేస్తారు, మంచివాడు కాబట్టి అంతైనా ఇచ్చాడంటారు. 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం 2025 దాకా ఇలాంటి ఇళ్ళకి చాలా ఏళ్ళు ఆసరాగా ఉండేది. పరిహారం కోసం ప్రమాదం జరిగిన రెండేళ్ళలోపు దావా వేయాలని అందులో ఉండేది. హక్కుని వదులుకుంటున్నట్టు రాయించుకున్న కాగితం చెల్లదని అదే చట్టం 17వ సెక్షన్ చెప్పేది. ఏళ్ళు అంటే చాలా కాలం అనిపిస్తుంది. ఆపరేషన్లు, పుండ్లు, ఏడుపుల మధ్య అవి ఎలా గడిచిపోతాయో ఇంట్లోవాళ్ళకి తెలియదు. కార్మిక శాఖ కార్యాలయానికి వెంట నడిచే ఒక్క మనిషి కావాలి. ఇక్కడ కన్నీళ్ళకంటే ఫైలు పట్టుకుని తిరిగే ఓపిక గొప్ప ధమ్మం.

ఇంటికొచ్చిన మొదటి ఏడాది ఆసుపత్రి కంటే బరువుగా ఉంటుంది. అక్కడ రేపు ఏం నేర్పుతారో తెలుసు, ఇక్కడ రేపు అంటే ఇవాళ్టిదే. ఆసుపత్రి వార్డులో పాతవాళ్ళు కొత్తవాళ్ళకి నేర్పేవారు, వాళ్ళ ఫోన్ నంబర్లు చాలామంది దగ్గర ఉంటాయి. ఆ మాటలు కొనసాగనివ్వండి. పక్క మండలంలో పదేళ్ళుగా కుర్చీలో ఉండి కుట్టుమిషన్ నడుపుకుంటున్న మనిషి ఒక గంట వచ్చి కూర్చుంటే మన నలభై ఓదార్పులకి సాటి. చచ్చిపోతే బాగుండు అన్న మాట వినిపిస్తే నవ్వి తేల్చేయొద్దు, ఒంటరిగా వదలొద్దు, డాక్టరుకి చెప్పండి.

విహారం సంగతి అడగాలి మిమ్మల్ని. ఈ మధ్య కట్టిన విహారాలు కొన్ని చూశాను. ముందు ఐదు మెట్లు, గ్రానైటు, నున్నగా. తలుపు చెక్కడం పని చాలా అందంగా ఉంది. కట్టినవాళ్ళని తప్పుపట్టడం లేదు, చందాలు పోగుచేసి ఎంత కష్టపడి కట్టారో తెలుసు. గుడి మెట్లు ఎక్కనివ్వని చరిత్ర మనది. మన ధమ్మ మందిరం మెట్లు కూడా కొందరు ఎక్కలేకపోతున్నారు.

వచ్చే పౌర్ణమి వందనానికి ముందు ఇద్దరు కుర్రాళ్ళని తీసుకుని, మేస్త్రీ దగ్గరుండే టేపు అడిగి, మూడు కొలతలు తీయండి: విహారం మెట్ల మొత్తం ఎత్తు, వీధి తలుపు వెడల్పు, మరుగుదొడ్డి తలుపు వెడల్పు. మీ వాడలో కుర్చీలోనో మంచం మీదో ఉన్న మనిషిని కూడా వెంట పిలవండి, టేపు రెండో కొస అతను పట్టుకుంటాడు. ఆ అంకెలు విహారం పుస్తకంలో తేదీ వేసి రాయండి. కమిటీ మీటింగులో మొదటి అంశంగా పెట్టండి, అతను వచ్చి మాట్లాడగలిగే చోట ఆ మీటింగు జరపండి. విహారంలో కుదరకపోతే చెట్టు కింద.